రెండంతస్తుల ఎక్స్‌ప్రెస్ కోచ్‌లు ఎందుకు పుట్టాయి, ఎందుకు ఆగాయి? రిబుల్ కంపెనీ చరిత్ర చెప్పే లెక్క

క్లుప్తంగా: ఉత్తర ఇంగ్లండ్‌లోని రిబుల్ మోటార్ సర్వీసెస్, దాని అనుబంధ సంస్థ స్టాండర్‌విక్ కలిసి 1948 నుంచి 1970ల దాకా దూరప్రాంత రూట్లలో మూడు తరాల డబుల్ డెక్కర్ కోచ్‌లు నడిపాయి. పండుగ రద్దీ, రూట్ లైసెన్సులు, కొత్త మోటార్‌వేలు (మన ఎక్స్‌ప్రెస్‌వేల లాంటి రోడ్లు) వాటికి అవసరం కల్పించాయి. ఒక బస్సు ఎన్ని అడుగులు ఉండవచ్చన్న ప్రభుత్వ నిబంధన వాటి ఆయుష్షును నిర్ణయించింది. ఒంటి అంతస్తు బస్సు పొడవు పెరిగిన ప్రతిసారీ రెండో అంతస్తు వల్ల వచ్చే లాభం తగ్గిపోయింది.

హైదరాబాద్‌లో 2023లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చినప్పటి నుంచి ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. నగరంలో తిప్పగలిగినప్పుడు విజయవాడకో బెంగళూరుకో ఇలాంటి బస్సులు ఎందుకు వేయరు? ఒకే డ్రైవరు, ఒకే ఇంజిన్, దాదాపు రెట్టింపు సీట్లు. పైకి చూస్తే ఇందులో నష్టమేమీ కనిపించదు. ఈ ఆలోచన కొత్తది కాదు. బ్రిటన్‌లో ఒక ప్రాంతీయ కంపెనీ దాదాపు మూడు దశాబ్దాల పాటు దీన్ని ఆచరణలో పెట్టి చూసింది. ఆ ప్రయోగంలో ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది అన్నది చూస్తే, సీట్ల సంఖ్య ఒక్కటే చూసుకుని లెక్క వేస్తే ఎక్కడ తప్పుతుందో అర్థమవుతుంది.

మిల్లు మూతపడితే ఊరంతా ప్రయాణమే

రిబుల్ 1919లో ప్రెస్టన్ పట్టణం దగ్గర మొదలైంది. అక్కడ పారే నది పేరే కంపెనీకి పెట్టారు. లివర్‌పూల్ శివార్ల నుంచి స్కాట్లండ్ సరిహద్దు దగ్గరి కార్లైల్ దాకా దాని సర్వీసులు విస్తరించాయి. 1932లో బ్లాక్‌పూల్‌కు చెందిన డబ్ల్యూ.సి. స్టాండర్‌విక్ సంస్థను కొనేసింది. పేరు మాత్రం మార్చలేదు. లండన్ వైపు వెళ్లే కోచ్‌లు చాలాకాలం స్టాండర్‌విక్ పేరుతోనే తిరిగాయి. రిబుల్ కూడా విడిగా నిలబడిన సంస్థ కాదు, బ్రిటిష్ ఎలక్ట్రిక్ ట్రాక్షన్ అనే పెద్ద గ్రూపులో భాగం.

ఈ ప్రాంతం పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. స్వదేశీ ఉద్యమంలో కుప్పలుగా పోసి తగలబెట్టిన బట్ట నేసింది ఈ లాంకషైర్ మిల్లుల్లోనే. 1931లో గాంధీజీ వెళ్లి మిల్లు కార్మికులను కలిసిన డార్వెన్ కూడా ఇక్కడిదే. ఆ మిల్లు పట్టణాల్లో ఒక ఆచారం ఉండేది. ఏడాదికోసారి ఊళ్లోని మిల్లులన్నీ ఒకేసారి వారం పాటు మూసేవారు. ‘వేక్స్ వీక్’ అనే ఆ సెలవుల్లో కార్మిక కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సముద్రతీరానికి, ముఖ్యంగా బ్లాక్‌పూల్‌కు వెళ్లేవి. ఒక్కో ఊరికి ఒక్కో వారం. అంటే వేసవి అంతా వారానికొక ఊరు బస్టాండు మీద పడేది. సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ బస్టాండ్లలో కనిపించే రద్దీ, ఊరు మార్చుకుంటూ వేసవి పొడవునా వస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

ఇలాంటి గిరాకీ బస్సు కంపెనీకి ఆదాయమూ ఇస్తుంది, తలనొప్పీ ఇస్తుంది. రద్దీ రోజుల కోసం బస్సులు, డ్రైవర్లు సిద్ధంగా ఉండాలి. మిగతా రోజుల్లో వాళ్లకు పని ఉండదు. దీనికి తోడు 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం ప్రతి ఎక్స్‌ప్రెస్ సర్వీసుకు ట్రాఫిక్ కమిషనర్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. రద్దీని బట్టి ఎన్ని అదనపు బస్సులు వేసుకోవచ్చన్న దానిపైనా లైసెన్సుల్లో తరచూ పరిమితి ఉండేది. రైల్వేలు ఆ విచారణలకు హాజరై అభ్యంతరాలు చెప్పేవి. నాలుగో బస్సు వేయడానికి అనుమతి లేనప్పుడు, ఉన్న మూడు బస్సుల్లోనే ఎక్కువమందిని ఎక్కించుకోవడం తప్ప దారి లేదు. రెండో అంతస్తు ఆలోచన అక్కడే మొదలైంది.

వైట్ లేడీ: 26 అడుగుల్లో 49 మంది

1940ల చివర్లో బ్రిటన్‌లో ఒంటి అంతస్తు బస్సు పొడవు 27 అడుగుల 6 అంగుళాలు మించకూడదు, డబుల్ డెక్కర్ అయితే 26 అడుగులు. ఇంజిన్ ముందు, దాని పక్కన డ్రైవరు. మిగిలిన జాగాలో దూరప్రయాణానికి పనికొచ్చే సీట్లు వేస్తే ఒంటి అంతస్తు కోచ్‌లో 33 నుంచి 35 మంది కూర్చోగలరు. 1948లో రిబుల్ తెచ్చిన డబుల్ డెక్కర్ కోచ్‌లో 49 సీట్లు ఉన్నాయి. ఒక్కో ట్రిప్పుకు పద్నాలుగు నుంచి పదహారు టికెట్లు ఎక్కువ. మొత్తం చరిత్రలో రెండో అంతస్తు ఇంత స్పష్టంగా గెలిచింది ఈ ఒక్కసారే.

మొదటి బ్యాచ్‌లో లేలాండ్ సంస్థ టైటాన్ పిడి1 ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉన్న బస్సు చట్రం) మీద బ్లాక్‌పూల్‌లోని బర్లింగ్‌హామ్ సంస్థ బాడీలు కట్టింది. తర్వాత 1950, 51 ప్రాంతంలో పిడి2 ఛాసిస్ మీద బ్లాక్‌బర్న్‌లోని ఈస్ట్ లాంకషైర్ సంస్థ ఇంకొన్ని కట్టింది. ఛాసిస్ వచ్చిన లేలాండ్ పట్టణమైతే ప్రెస్టన్‌కు కొద్ది మైళ్ల దూరమే. తయారీదారు, బాడీ కట్టేవాడు, నడిపేవాడు అందరూ ఒకే జిల్లావాళ్లు. రూట్‌లో ఎక్కడ ఏ ఇబ్బంది వస్తుందో ముగ్గురికీ తెలుసు. మామూలు రిబుల్ బస్సులు ఎర్రగా ఉంటే వీటికి ఎక్కువ భాగం మీగడ రంగు వేశారు. ఆ రంగును బట్టే జనం నోట ‘వైట్ లేడీ’ అనే పేరు స్థిరపడింది.

ఎత్తు విషయంలో ఒక చిక్కు ఉండేది. బ్రిటన్‌లో బస్సు ఎత్తుకు చట్టపరమైన హద్దు 15 అడుగులు, కానీ అసలు అడ్డుపడేవి రైలు వంతెనలు. మామూలు డబుల్ డెక్కర్ దాదాపు 14 అడుగుల 6 అంగుళాలు ఉంటుంది. రిబుల్ తిరిగే ప్రాంతంలో దానికి తక్కువ వంతెనలు చాలా ఉన్నాయి. అందుకని లేలాండ్ 1927లోనే కనిపెట్టిన ‘లోబ్రిడ్జ్’ పద్ధతిని వాడారు. పై అంతస్తులో నడిచే దారిని మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి, కిందికి దింపుతారు. సీట్లు నలుగురు కూర్చునే బల్లల్లా ఉంటాయి. దీంతో బస్సు ఎత్తు దాదాపు ఒక అడుగు తగ్గుతుంది.

ఆ అడుగుకు ప్రయాణికులు మూల్యం చెల్లించారు. దిగిన దారి కింది అంతస్తు కప్పులోంచి పొడుచుకొస్తుంది కాబట్టి ఆ పక్క కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు తల కొట్టుకునేవారు. పైన కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు దిగాలంటే మిగతా ముగ్గురూ లేవాల్సిందే. సిటీ బస్సులో పది నిమిషాలు ఇది భరించవచ్చు, కానీ కోచ్ ఛార్జీ కట్టినవాళ్లకు ఇది లోటే. మెత్తటి సీట్లు, పూర్తి వెడల్పు ముందుభాగం, మంచి రంగు ఆ లోటును కొంత కప్పిపుచ్చాయి. ఇక సామాను. మామూలు లోబ్రిడ్జ్ బస్సులో 53 సీట్లు పడితే ఇందులో 49 మాత్రమే ఉండటానికి ఒక కారణం కింది అంతస్తులో పెట్టెలకు జాగా వదలడం. నాలుగు సీట్లు చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. తర్వాతి తరంలో ఇదే సమస్య పెద్దదైంది.

వైట్ లేడీలు మాంచెస్టర్, లివర్‌పూల్ వంటి నగరాలను తీరంలోని బ్లాక్‌పూల్‌తో కలిపే రకం రూట్లకు సరిపోయాయి. రెండు మూడు గంటల ప్రయాణం, వేగం తక్కువ. లండన్ దాకా వెళ్లడానికి అవి పనికొచ్చేవి కావు.

మోటార్‌వేతో మారిన లెక్క

బ్రిటన్‌లో మొదటి మోటార్‌వే ముక్క ప్రెస్టన్ బైపాస్. 1958 డిసెంబరు 5న రిబుల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరి పక్కనే తెరుచుకుంది. మరుసటి ఏడాది నవంబరు 2న లండన్ వైపు ఎం1 అనే మోటార్‌వే మొదలైంది. అంతవరకు మామూలు రోడ్ల మీద బస్సులకు గంటకు 30 మైళ్ల పరిమితి ఉండేది. మోటార్‌వే మీద మొదట్లో ఎవరికీ వేగ పరిమితే లేదు. 70 మైళ్ల హద్దు 1965 డిసెంబరులో గాని రాలేదు. బ్లాక్‌పూల్ నుంచి గాని, నేత పట్టణాల కొసన ఉన్న కోల్న్ నుంచి గాని లండన్ విక్టోరియా కోచ్ స్టేషన్‌కు వెళ్లే సర్వీసులకు ఇది కొత్త అవకాశం. రైళ్ల పరిస్థితి కూడా కలిసొచ్చింది. లండన్ నుంచి మాంచెస్టర్, లివర్‌పూల్ వెళ్లే ప్రధాన మార్గంలో విద్యుదీకరణ పనులు సాగుతూ ప్రయాణాలు ఆలస్యమవుతున్న కాలం అది.

అదే సమయానికి లేలాండ్ అట్లాంటియన్ అనే కొత్త ఛాసిస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇంజిన్ వెనక అడ్డంగా, తలుపు ముందు, డ్రైవరు కళ్లెదుటే. పొడవు 30 అడుగులు. డబుల్ డెక్కర్లకు ఆ పొడవును 1956లో అనుమతించారు. సిటీ బస్సుగా అమ్మినప్పుడు ఇందులో 78 సీట్లు పట్టేవి. రిబుల్, స్టాండర్‌విక్ 1959 నుంచి 1961 మధ్య దీని మీద వేమన్ సంస్థతో కోచ్ బాడీలు కట్టించాయి. వాటికి ‘గే హోస్టెస్’ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో మొదటి మాటకు ఉల్లాసం అనే అర్థమే వాడుకలో ఉండేది. రెండో మాట విమానాల నుంచి తెచ్చుకున్నది. బస్సులో టాయిలెట్, చిన్న వంటగది, టీ, చిరుతిండి అందించే హోస్టెస్ ఉండేవారు.

ఇవి ఆడంబరం కోసం పెట్టిన హంగులని అప్పట్లో కొందరికి అనిపించి ఉండవచ్చు. నిజానికి వాటి వెనక టైమ్‌టేబుల్ లెక్క ఉంది. దూరప్రయాణంలో దారి మధ్య హోటల్ దగ్గర ఆపితే అరగంట పోతుంది. బస్సులో 50 మంది ఉంటే టాయిలెట్ క్యూ, టీ క్యూ రెండూ పొడవే, అందరూ తిరిగి ఎక్కేసరికి ఇంకాస్త ఆలస్యం. మోటార్‌వే మీద వేగంగా పోయి సంపాదించిన సమయాన్ని ఒక్క స్టాపింగ్‌లో పోగొట్టుకోవడం అర్థం లేని పని. బస్సులోనే టాయిలెట్, టీ ఉంటే ఆ ఆపడమే అక్కర్లేదు. పైగా టికెట్లు ముందే బుక్ అయి ఉంటాయి కాబట్టి కండక్టర్ చేయాల్సిన పని తక్కువ. అతని చోట హోస్టెస్ వచ్చినట్లయింది.

అయితే ఈ సౌకర్యాలు సీట్లను మింగేశాయి. 78 సీట్లు పట్టే బస్సులో చివరికి మిగిలినవి 50. పైన 34, కింద 16. కింది అంతస్తులో ఎక్కువ భాగం టాయిలెట్, వంటగది, సామాను, మెట్లు, ఇంజిన్ తీసేసుకున్నాయి. ఒంటి అంతస్తు కోచ్‌లో సామాను సీట్ల కింది డిక్కీలోకి పోతుంది, ప్రయాణికుడి జాగా తగ్గదు. డబుల్ డెక్కర్‌లో కింది నేల రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. దాని కింద డిక్కీకి చోటు ఉండదు. కాబట్టి ప్రతి పెట్టె ఒక సీటుతో పోటీపడుతుంది. సిటీలో చేతిసంచితో ఎక్కేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. వారం రోజుల సెలవుకు వెళ్లే కుటుంబంతోనే వస్తుంది. రెండంతస్తుల కోచ్‌కు మొదటి నుంచీ ఉన్న బలహీనత ఇదే. ఏ తరమూ దీన్ని పూర్తిగా దాటలేకపోయింది.

మిడ్‌ల్యాండ్ రెడ్ ఎంచుకున్న దారి

అదే మోటార్‌వేకు పక్క ప్రాంతపు కంపెనీ పూర్తిగా భిన్నమైన సమాధానం ఇచ్చింది. బర్మింగ్‌హామ్ కేంద్రంగా ఉన్న మిడ్‌ల్యాండ్ రెడ్ తన బస్సులను తానే తయారు చేసుకునేది. ఎం1 తెరిచిన రోజునే బర్మింగ్‌హామ్ నుంచి లండన్‌కు మోటార్‌వే ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. దాని సిఎం5 కోచ్ ఒంటి అంతస్తుది, 37 సీట్లు, టర్బో ఛార్జర్ ఉన్న ఇంజిన్. గంటకు 85 మైళ్ల దాకా పోగలదని పేరు పొందింది.

ఒకరు వేగాన్ని అమ్మారు, ఇంకొకరు సీట్లను. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం తేలికే. గాలి నిరోధం బస్సు ముందుభాగం వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 మైళ్ల వేగంలో డబుల్ డెక్కర్ ఎత్తు వల్ల పడే భారం పెద్దగా తెలియదు. 60 మైళ్లకు పోతే ఆ నిరోధం నాలుగింతలు. అట్లాంటియన్‌లోని 9.8 లీటర్ల ఇంజిన్ శక్తి 125 హార్స్‌పవర్ మాత్రమే. నగరంలో ఆగుతూ సాగుతూ తిరగడానికి తయారుచేసిన ఆ యంత్రాన్ని గంటల తరబడి ఒకే వేగంతో పరుగెత్తించడం దాని స్వభావానికి సరిపడే పని కాదు. పక్కగాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. మిడ్‌ల్యాండ్ రెడ్ రూట్ చిన్నది, దాని ప్రయాణికుల్లో పనిమీద తిరిగేవాళ్లు ఉన్నారు. రిబుల్ రూట్లు పొడవైనవి, ప్రయాణికులు సెలవులకు వెళ్లే కుటుంబాలు. గిరాకీ తీరు వేరు కాబట్టి బస్సు రూపం వేరైంది. ఎవరిది సరైన నిర్ణయమని అడగడం కన్నా, ఎవరి గిరాకీ ముందు కరిగిపోయిందని అడగడం ఉపయోగకరం.

1961: పొడవు పెరిగింది, లాభం పోయింది

గే హోస్టెస్ బ్యాచ్‌లు ఇంకా పూర్తికాకుండానే నిబంధన మారింది. 1950 నుంచి 30 అడుగుల దగ్గర ఆగిన ఒంటి అంతస్తు బస్సు పొడవును 1961లో 36 అడుగులకు పెంచారు. పేరుకు ఇది ఒక సాంకేతిక సవరణ. ఫలితం మాత్రం తీవ్రమైనది. 30 అడుగుల కోచ్‌లో 41 సీట్లు ఉన్నప్పుడు, 50 సీట్ల డబుల్ డెక్కర్‌కు తొమ్మిది సీట్ల ఆధిక్యం ఉంది. 36 అడుగుల కోచ్‌లో 49 సీట్లు హాయిగా పడతాయి, సీట్ల కింద పెద్ద డిక్కీతో సహా. తొమ్మిది సీట్ల తేడా ఒక్క సీటు దగ్గరికి వచ్చింది. ఆ ఒక్క సీటు కోసం ఎత్తు, బరువు, గాలి, సామాను ఇబ్బందులన్నీ ఎందుకు భరించాలి? టాయిలెట్, టీ ఉన్నాయన్న ఆకర్షణ ఒక్కటే మిగిలింది.

1948లో పద్నాలుగు నుంచి పదహారు సీట్లు, 1959లో తొమ్మిది, 1961లో ఒకటి. ఈ వరుసను చూస్తే తర్వాత జరిగినదానికి పెద్ద వివరణ అక్కర్లేదు.

బయటి పరిస్థితులు కూడా మారుతున్నాయి. 1959 నాటి కాటన్ ఇండస్ట్రీ చట్టం కింద పాత మగ్గాలను, కదుర్లను తుక్కు చేయడానికి ప్రభుత్వమే డబ్బిచ్చింది. మిల్లులు మూతపడ్డాయి. మిల్లు లేని ఊళ్లో అందరూ ఒకేసారి సెలవు తీసుకోవాల్సిన అవసరం లేదు. కారు కొన్నవాళ్లు బస్టాండుకు రావడం మానేశారు, కొంత స్తోమత ఉన్నవాళ్లు స్పెయిన్ తీరానికి విమానం ఎక్కారు. 1966 ఏప్రిల్ నుంచి లండన్‌కు మాంచెస్టర్, లివర్‌పూల్ నుంచి పూర్తిస్థాయి ఎలక్ట్రిక్ రైళ్లు నడిచాయి. అంతకుముందు పనుల వల్ల కోచ్‌కు వచ్చిన ప్రయాణికుల్లో తొందర ఉన్నవాళ్లు వెనక్కి వెళ్లారు. కోచ్‌కు మిగిలిన బలం తక్కువ ఛార్జీ. తక్కువ ఛార్జీ మీద బతకాలంటే ఒక్కో ట్రిప్పుకు మళ్లీ ఎక్కువ సీట్లు కావాలి. మూడో తరం అలా పుట్టింది.

బ్రిస్టల్ విఆర్ఎల్: పెద్ద ఆశ, చిన్న జీవితం

36 అడుగుల పొడవు ఒంటి అంతస్తుకు మాత్రమే వర్తించేది కాదు, డబుల్ డెక్కర్‌కూ అనుమతి ఉంది. అయినా నగర కంపెనీలు మలుపుల భయంతో అంత పొడవు జోలికి పెద్దగా పోలేదు. స్టాండర్‌విక్ పోయింది. బ్రిస్టల్ సంస్థ తయారుచేసిన విఆర్ఎల్ ఛాసిస్ మీద లోస్టాఫ్ట్‌లోని ఈస్టర్న్ కోచ్ వర్క్స్ కట్టిన బాడీలతో మొదటి బస్సు 1968లో వచ్చింది. 1970 తర్వాత మిగతావి చేరి మొత్తం 30 అయ్యాయి. సీట్లు 60. పైన 42, కింద 18, టాయిలెట్ సహా. 49 సీట్ల కోచ్ మీద పదకొండు సీట్ల ఆధిక్యం తిరిగి దొరికినట్టే.

ఈ బస్సులు లేలాండ్, బ్లాక్‌పూల్, బ్లాక్‌బర్న్ నుంచి రాలేదన్నది గమనించాల్సిన విషయం. 1960ల చివర్లో బ్రిటిష్ ఎలక్ట్రిక్ ట్రాక్షన్ తన బస్సు వ్యాపారాన్ని ప్రభుత్వానికి అమ్మేసింది. 1969 జనవరి 1న నేషనల్ బస్ కంపెనీ ఏర్పడి రిబుల్, స్టాండర్‌విక్ అందులో చేరాయి. ప్రభుత్వ రంగంలోనే పెరిగిన బ్రిస్టల్, ఈస్టర్న్ కోచ్ వర్క్స్ ఆ సంస్థకు సహజమైన సరఫరాదారులు. అయితే బ్రిస్టల్ బ్రిటన్‌లోని మిగతా కంపెనీలకు అమ్మింది వెనక ఇంజిన్‌ను అడ్డంగా పెట్టిన వేరే రకం. ఇంజిన్‌ను బస్సు పొడవు దిశలో పెట్టిన విఆర్ఎల్ రకాన్ని స్వదేశంలో స్టాండర్‌విక్ తప్ప పెద్ద ఎత్తున కొన్నవాళ్లు లేరు. దక్షిణాఫ్రికాకు కొన్ని వెళ్లాయి. అతి తక్కువ సంఖ్యలో తయారైన యంత్రాన్ని దేశంలోని అత్యంత కఠినమైన రూట్‌లో రోజూ పరుగెత్తించడం ఎప్పుడూ ప్రమాదకరమైన పందెమే. లోపం బయటపడితే సరిదిద్దే అనుభవం ఇంకెక్కడా పోగుపడి ఉండదు, విడిభాగాలు తొందరగా దొరకవు.

యాంత్రిక ఇబ్బందులు వాటిని వెంటాడాయి. ఈలోగా నిబంధన మరోసారి కదిలింది. 1960ల చివర్లోనే 12 మీటర్ల, అంటే 39 అడుగులకు పైబడిన బస్సులకు అనుమతి వచ్చింది. ఆ పొడవులో ఒంటి అంతస్తు కోచ్‌లో 53 నుంచి 57 సీట్లు పడతాయి. పదకొండు సీట్ల ఆధిక్యం మళ్లీ మూడు, నాలుగు, మహా అయితే ఏడుకు దిగింది. 1974లో స్టాండర్‌విక్ పనులు నేషనల్ బస్ కంపెనీ కోచ్ విభాగమైన నేషనల్ ట్రావెల్ కిందికి వెళ్లాయి. దేశమంతా ఒకే తెల్ల రంగు, ఒకే పేరు, ఎక్కడైనా ఎక్కడికైనా పంపగలిగే ఒకే రకం బస్సు అన్నది కొత్త విధానం. అందులో ఒక మూల తిరిగే 30 విచిత్ర బస్సులకు చోటు లేదు. ఆ దశాబ్దం రెండో సగంలోనే అవి తప్పుకున్నాయి. కోచ్‌కు ఆ వయసు ముసలితనం కాదు.

ఆలోచన చావలేదు, రూపం మారింది

స్టాండర్‌విక్ ప్రయోగం ఆగినా డబుల్ డెక్కర్ కోచ్ అక్కడితో అంతమైపోలేదు. జర్మనీలో నియోప్లాన్ 1967లోనే స్కైలైనర్‌ను తెచ్చింది. ఐరోపా ఖండంలో ఎత్తు 4 మీటర్లు దాటకూడదు కాబట్టి దాన్ని ఆ హద్దుకు తగ్గట్టు కుదించి కట్టారు. మూడు ఇరుసులు, 12 మీటర్ల పొడవు ఉన్న ఇలాంటి బస్సుల్లో 70కి పైగా సీట్లు వస్తాయి. 1980 చట్టంతో బ్రిటన్‌లో దూరప్రాంత కోచ్‌లకు రూట్ లైసెన్సుల బాధ తప్పి పోటీ పెరిగాక నేషనల్ ఎక్స్‌ప్రెస్ ‘రాపిడ్’ పేరుతో టాయిలెట్, హోస్టెస్, టీ ఉన్న సర్వీసులు నడిపింది. వాటిలో మూడు ఇరుసుల ఎంసీడబ్ల్యూ మెట్రోలైనర్ డబుల్ డెక్కర్లు కూడా ఉన్నాయి. గే హోస్టెస్‌లో ఉన్నవన్నీ ఇరవై ఏళ్ల తర్వాత, మెరుగైన రోడ్లు, బలమైన ఇంజిన్లతో తిరిగొచ్చాయి. 1959లో ఆలోచన తప్పు కాదని, దానికి తగిన ఛాసిస్ అప్పటికి లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

రిబుల్‌ను 1988లో దాని యాజమాన్య సిబ్బందే కొనుక్కున్నారు. మరుసటి ఏడాది స్టేజ్‌కోచ్ అనే బస్సు సంస్థ చేతికి వెళ్లింది. ఆ స్టేజ్‌కోచ్ 2003లో మొదలుపెట్టిన మెగాబస్ చవక టికెట్లతో, డబుల్ డెక్కర్లతో దూరప్రాంత మార్కెట్లోకి వచ్చింది.

మన రోడ్ల మీద ఈ లెక్క

లేలాండ్ పట్టణానికీ తెలుగు నేలకూ ఉన్న లింకు కల్పించింది కాదు. వైట్ లేడీకి ఆధారమైన టైటాన్ వంశంలోని డబుల్ డెక్కర్లను అశోక్ లేలాండ్ 1967 నుంచి ఇండియాలో తయారు చేసింది. ఒకప్పటి హైదరాబాద్ డబుల్ డెక్కర్లలో ఆ టైటాన్లు ఉన్నాయి. 2023లో హైదరాబాద్‌కు వచ్చిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు కూడా అశోక్ లేలాండ్ గ్రూపులోని స్విచ్ మొబిలిటీ తయారీ. ఇవన్నీ నగరం కోసం తయారైనవి. దూరప్రాంత రూట్‌కు ఇదే రూపాన్ని తీసుకెళ్తే రిబుల్ ఎదుర్కొన్న ప్రశ్నలు వరుసగా ఎదురవుతాయి.

ముందు సామాను. ఇక్కడ డిక్కీ ప్రయాణికుల పెట్టెలకే పరిమితం కాదు. ప్రైవేట్ ట్రావెల్స్ బస్సుకు పార్శిల్ ఒక ప్రధాన ఆదాయం, ఆర్టీసీలు కూడా కార్గో విభాగాలు నడుపుతున్నాయి. రెండో అంతస్తు కోసం డిక్కీని వదులుకుంటే పెరిగిన టికెట్ ఆదాయంలోంచి ఆ పార్శిల్ డబ్బును తీసేయాలి. తర్వాత ఎత్తు. భారత నిబంధనల్లో డబుల్ డెక్కర్లకు 4.75 మీటర్ల దాకా వీలుంది. కానీ పాత రైల్వే అండర్ బ్రిడ్జిలు, ఊళ్ల మధ్య వేలాడే కరెంటు తీగలు, రోడ్డు మీదికి వంగిన కొమ్మలు ఆ నిబంధన చదవవు. హైవే మీద ఇబ్బంది లేకపోయినా, పికప్ పాయింట్ల కోసం ఊళ్లోకి దిగిన ప్రతిసారీ దారి ఎంచుకోవాల్సి వస్తుంది. రాత్రి ప్రయాణానికైతే రెండో అంతస్తు పని ఇప్పటికే స్లీపర్ బస్సు చేస్తోంది. మామూలు ఎత్తులోనే కింద ఒక బెర్తు, పైన ఒక బెర్తు, అడుగున డిక్కీ. సీటుకు కాకుండా పడకకు ఛార్జీ ఎక్కువ వస్తున్నప్పుడు 30, 36 బెర్తులతో ట్రావెల్స్ యజమానికి గిట్టుబాటు అవుతోంది.

డబుల్ డెక్కర్‌కు అవకాశం ఉన్నది పగటిపూట, నాలుగైదు గంటల లోపు ప్రయాణంలో, చేతిసంచితో వెళ్లే ప్రయాణికులు ఎక్కువగా ఉండే రూట్లలో. హైదరాబాద్, విజయవాడ మధ్య పగలు తిరిగే సీటింగ్ సర్వీసులు ఆ కోవలోకి వస్తాయి. అక్కడ కూడా పోల్చాల్సింది పాత 12 మీటర్ల బస్సుతో కాదు. మల్టీ యాక్సిల్ కోచ్‌లు అంతకన్నా పొడవుగా ఇప్పటికే రోడ్ల మీద ఉన్నాయి. డబుల్ డెక్కర్ ప్రతిపాదన పెట్టే ఎవరైనా ముందుగా చూపించాల్సింది, వాటి మీద తమకు మిగిలే అదనపు సీట్లు ఎన్ని, ఆ సీట్లు ఏడాదిలో ఎన్ని రోజులు నిండుతాయి అన్నది.